క్రూయిజ్‌కు విమాన టికెట్లు: ఓడ సంస్థ ద్వారా తీసుకోవాలా, సొంతంగా కొనుక్కోవాలా?

క్రూయిజ్ బుక్ చేసుకునేటప్పుడు గదిని, భోజన వేళలను ఎంచుకున్న తర్వాత తెరమీద మరో ప్రశ్న కనిపిస్తుంది: ఓడ ఎక్కే ఊరికి విమాన టికెట్లు కూడా మా ద్వారానే తీసుకుంటారా అని. ఈ సేవను రాయల్ కరీబియన్ ఎయిర్2సీ అంటుంది, ప్రిన్సెస్ ఈజీఎయిర్ అంటుంది, హాలండ్ అమెరికా ఫ్లైట్ ఈజ్ అంటుంది, కార్నివాల్ ఫ్లై2ఫన్ అంటుంది. పేర్లు వేరైనా పని ఒక్కటే. ఎయిర్‌లైన్స్‌తో ముందే కుదుర్చుకున్న ధరకో, అందరికీ దొరికే ధరకో క్రూయిజ్ సంస్థ టికెట్లు తీసి, వాటిని మీ ఓడ బుకింగ్‌కు జతచేస్తుంది.

చాలామంది ఇక్కడ రెండు ధరలను పక్కపక్కన పెట్టి, ఏది తక్కువైతే అది తీసుకుంటారు. నా అభిప్రాయంలో ధర మూడో ప్రశ్న మాత్రమే. మీరు ఓడ ఎక్కే ఊరికి ఏ రోజున చేరుతున్నారన్నది మొదటి ప్రశ్న. విమానం ఆలస్యమైనా, రద్దయినా మిమ్మల్ని ఓడ దగ్గరకు చేర్చే బాధ్యత ఎవరిదన్నది రెండోది. ఈ రెండూ తేలిన తర్వాతే డబ్బు లెక్క వేయాలి. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలను, ముఖ్యంగా ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని అలాస్కాకో, కరేబియన్‌కో, మధ్యధరా సముద్రానికో వెళ్లే వారిని దృష్టిలో పెట్టుకుని ఈ వరుసను రాస్తున్నాను.

మొదటి మెట్టు: రేవును, విమానాశ్రయాన్ని, వాటి మధ్య దూరాన్ని రాసుకోండి

టికెట్లు వెతకడానికి ముందు ఒక కాగితం మీద ఓడ ఎక్కే రేవు, దిగే రేవు, ఓడ బయలుదేరే సమయం, తిరిగి వచ్చే సమయం రాసుకోండి. రేవు పేరు, విమానాశ్రయం పేరు ఒకటిగా వినిపించినా వాటి మధ్య దూరం ఎంతైనా ఉండవచ్చు. ఫోర్ట్ లాడర్‌డేల్‌లో పోర్ట్ ఎవర్‌గ్లేడ్స్ విమానాశ్రయానికి ఆనుకునే ఉంటుంది. ఓర్లాండో విమానాశ్రయం నుంచి పోర్ట్ కెనావరల్‌కు సుమారు 70 కిలోమీటర్లు. హ్యూస్టన్‌లోని పెద్ద విమానాశ్రయం నుంచి గాల్వెస్టన్‌కు 110 కిలోమీటర్లకు పైనే. రోమ్ అని చెప్పి అమ్మే క్రూయిజ్‌లు నిజానికి చివిటావెక్కియా రేవు నుంచి బయలుదేరుతాయి, ఫియుమిచినో విమానాశ్రయం నుంచి అక్కడికి గంట ప్రయాణం.

అలాస్కాలో ఈ లెక్క మరీ ముఖ్యం. వాంకూవర్ నుంచి ఉత్తరంగా వెళ్లే క్రూయిజ్‌లు సెవార్డ్‌లోనో, విటియర్‌లోనో ముగుస్తాయి, కానీ మీరు విమానం ఎక్కేది యాంకరేజ్‌లో. సెవార్డ్ నుంచి యాంకరేజ్ సుమారు 200 కిలోమీటర్లు. విటియర్ అందులో సగం దూరమే అయినా ఆ దారిలో దాదాపు నాలుగు కిలోమీటర్ల సొరంగం ఉంది. ఒకే వరుస ఉన్న ఆ సొరంగాన్ని రైళ్లు, కార్లు వంతులవారీగా వాడుకుంటాయి, ఒక్కో దిశకు నిర్ణీత సమయాల్లోనే వాహనాలను వదులుతారు. అంటే కొన్ని నిమిషాలు ఆలస్యమైతే తర్వాతి వంతు వచ్చేదాకా ఆగాలి.

ఓడ సాయంత్రం 4 గంటలకు బయలుదేరుతుందంటే 4 గంటల వరకు ఎక్కవచ్చని కాదు. అమెరికా రేవుల నుంచి బయలుదేరే ఓడ, ప్రయాణికుల జాబితాను బయలుదేరడానికి కనీసం 60 నిమిషాల ముందే అక్కడి కస్టమ్స్, సరిహద్దు శాఖకు పంపాలి. అందుకే సంస్థలు సాధారణంగా గంట నుంచి రెండు గంటల ముందే చెక్-ఇన్ ముగిస్తాయి. మీరు కాగితం మీద రాసుకోవలసిన గడువు అదే.

రెండో మెట్టు: చేరే రోజును ముందే ఖాయం చేసుకోండి

టికెట్లు ఎవరి ద్వారా తీసుకున్నా, ఓడ బయలుదేరే రోజుకు కనీసం ఒక రోజు ముందు ఆ ఊరు చేరండి. ఖండాలు దాటి వెళ్తుంటే రెండు రోజుల ముందు చేరండి. ఈ ఒక్క నిర్ణయం మిమ్మల్ని కాపాడినంతగా ఏ సంస్థ హామీ కాపాడలేదు. 2024 జూలై 19, శుక్రవారం నాడు ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ మార్పు వికటించి ప్రపంచమంతటా కంప్యూటర్లు ఆగిపోయినప్పుడు వేల విమానాలు రద్దయ్యాయి. అమెరికాలో ఒక పెద్ద ఎయిర్‌లైన్ తేరుకోవడానికి రోజులు పట్టింది. ఆ శని, ఆదివారాల్లో బయలుదేరే ఓడలకు అదే రోజు విమానంలో వెళ్దామనుకున్న వారికి మిగిలిన దారులు చాలా తక్కువ. అట్లాంటిక్‌లో జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు తుపానుల కాలం, ఉత్తరాది నగరాల్లో చలికాలమంతా మంచు తుపానులు. ఇవి అనూహ్యమైన సంగతులు కావు.

ఒక రాత్రి హోటల్ ఖర్చు అదనమే. దానిని విహారపు ఖర్చుగా కాక టికెట్ ధరలో భాగంగా లెక్కవేయండి. పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు, పొద్దున్నే విమానం దిగి పరుగున రేవుకు పోయి గంటల తరబడి వరుసలో నిలబడటం కంటే, ఒక రాత్రి విశ్రాంతి తీసుకుని నింపాదిగా ఓడ ఎక్కడం వాళ్ల ఒంటికీ మంచిది.

క్రూయిజ్ సంస్థ ద్వారా తీసుకున్నా ముందు రోజు చేరే విమానాన్ని ఎంచుకోవచ్చు. కొన్ని సంస్థలు తేదీ మార్పుకు కొంత రుసుము తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. కానీ తెరమీద మొదట కనిపించేది తరచుగా ఓడ బయలుదేరే రోజు విమానమే. తేదీని మీరే మార్చుకోవాలి.

మూడో మెట్టు: పాస్‌పోర్టులు, వీసాలు, పేర్లు

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు ఈ మెట్టును దాటేసి టికెట్లు కొనకూడదు. వాంకూవర్ నుంచి ఓడ ఎక్కాలంటే కెనడా సందర్శక వీసా కావాలి. సియాటెల్ నుంచి బయలుదేరి సియాటెల్‌కే తిరిగివచ్చే ఓడకైనా అది కావాలి, ఎందుకంటే ఆ ఓడలు దాదాపు అన్నీ దారిలో కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. అమెరికా గ్రీన్ కార్డు ఉన్నవారికి కెనడా వీసా అక్కరలేదు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు చూపితే చాలు. బీ2 సందర్శక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు, హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ఆ వెసులుబాటు లేదు. ఒకే ఇంట్లో కొడుకుకు అక్కరలేని వీసా తండ్రికి కావలసి వస్తుందన్న మాట. ఐరోపా దేశాల షెంగెన్ వీసా విషయంలో గ్రీన్ కార్డు కూడా ఆదుకోదు. బార్సెలోనాలో ఎక్కి, దారిలో టర్కీలోనో మాంటెనెగ్రోలోనో ఆగి, మళ్లీ ఇటలీలోనో గ్రీసులోనో దిగే ఓడ అయితే ఒకటి కంటే ఎక్కువసార్లు ప్రవేశించడానికి అనుమతించే వీసా తీసుకోవాలి.

విమాన టికెట్ ఎంపికకు, వీసాకు మధ్య అంతగా ఎవరూ చెప్పని ముడి ఒకటి ఉంది. షెంగెన్ దరఖాస్తుకు మీ విమాన ప్రయాణ వివరాలు జతచేయాలి. కొన్ని క్రూయిజ్ సంస్థల ఉచిత, రాయితీ విమాన పథకాల్లో మీరు ఏ విమానంలో, ఏ దారిలో వెళ్తారన్నది సంస్థే నిర్ణయిస్తుంది, ఆ సంగతి ప్రయాణం దగ్గరపడిన తర్వాతే మీకు తెలుస్తుంది. అప్పటికి వీసా అపాయింట్‌మెంట్ గడిచిపోయి ఉంటుంది, లేదా అపాయింట్‌మెంట్ దొరకని కాలం వచ్చేసి ఉంటుంది. పైగా ఆ దారి ఏ దేశం గుండా పోతుందో తెలియకపోతే మధ్యలో విమానం మారడానికి ట్రాన్సిట్ వీసా కావాలో వద్దో కూడా తెలియదు. కాబట్టి మీ కుటుంబంలో ఒక్కరికైనా వీసా అవసరమైతే, విమానాన్ని సంస్థ ఎంచే పథకాన్ని పక్కన పెట్టండి. వీసా రాకపోతే రద్దు చేసుకోగల టికెట్టునే తీసుకోండి, అది ఎవరి ద్వారానైనా సరే.

పేర్ల విషయంలో మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు ఇంటిపేరు గడిలో ఉంటుంది, కొందరి పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే చోట ఉంటుంది. అలా ఒకే పేరున్న వారి అమెరికా వీసా మీద మొదటి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని అచ్చవుతుంది. క్రూయిజ్ బుకింగ్‌లో మీరు ఇచ్చిన పేరే ఎయిర్‌లైన్‌కు వెళ్తుంది కాబట్టి, అక్కడ పొట్టిపేరు రాస్తే విమాన టికెట్ మీదా పొట్టిపేరే వస్తుంది. సొంతంగా కొంటే ఆ తప్పును ఎయిర్‌లైన్‌కు నేరుగా ఫోన్ చేసి సరిచేయించుకోవచ్చు. సంస్థ ద్వారా అయితే ఓడ బుకింగ్‌లోనూ, విమాన టికెట్‌లోనూ రెండు చోట్లా మార్పు జరగాలి, అది టికెట్ జారీ కాకముందే అయితే సులువు. ఓడ బుకింగ్ చేసిన రోజే ప్రతి ఒక్కరి పాస్‌పోర్టును ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి.

నాలుగో మెట్టు: మీకు చూపుతున్నది ఏ రకం టికెట్టో తెలుసుకోండి

క్రూయిజ్ సంస్థల విమాన టికెట్లలో స్థూలంగా మూడు రకాలున్నాయి. మొదటిది ఇప్పుడే చెప్పిన రకం, విమానాన్ని సంస్థే ఎంచేది. రెండోది, విమానాన్ని మీరే ఎంచుకుని, డబ్బు మాత్రం ఓడ ఫైనల్ పేమెంట్‌తో పాటు కట్టేది. టికెట్ జారీ అయ్యేవరకు దాన్ని మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. మూడోది షరతులున్న టికెట్. ధర కాస్త తక్కువగా ఉంటుంది, డబ్బు వెంటనే కట్టాలి, రద్దు చేస్తే ఎయిర్‌లైన్ నిబంధనలే వర్తిస్తాయి.

రెండో రకానికి నిజమైన విలువ ఉంది. ఓడ ఫైనల్ పేమెంట్ గడువు సాధారణంగా ప్రయాణానికి రెండున్నర నుంచి నాలుగు నెలల ముందు ఉంటుంది. ఏడాది ముందే బుక్ చేసుకున్నవారు విమానం ధరను అప్పుడే నిలిపి ఉంచుకుని, తర్వాత ధర తగ్గితే అదే విమానాన్ని తక్కువ ధరకు మళ్లీ తీసుకోవచ్చు, పెరిగితే పాత ధరకే ఉండిపోవచ్చు. ఓడ ప్రయాణం మానుకుంటే ఈ విమానం బుకింగ్ కూడా దానితోపాటే రద్దవుతుంది. అయితే ఉచితంగా మార్చుకునే గడువు ఏ తేదీతో ముగుస్తుందో బుకింగ్ పత్రంలో చూసి, ఆ తేదీని ఫోనులో గుర్తుపెట్టుకోండి. ఆ తేదీ దాటితే ఈ టికెట్ కూడా మూడో రకంలాంటిదే అవుతుంది.

సొంతంగా కొన్నప్పుడు ఉండే ఒక హక్కు ఇక్కడ ఉండకపోవచ్చు. అమెరికా రవాణా శాఖ నిబంధన ప్రకారం, ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా బుక్ చేసినప్పుడు, డబ్బు కట్టకుండా 24 గంటలు ధర నిలిపి ఉంచడమో, కొన్న 24 గంటలలోపు రుసుము లేకుండా రద్దు చేసుకోనివ్వడమో ఎయిర్‌లైన్ చేయాలి. మధ్యవర్తుల ద్వారా కొన్న టికెట్లకు ఈ నిబంధన వర్తించదు. విమానం కొనే విషయంలో క్రూయిజ్ సంస్థ కూడా మధ్యవర్తే.

ఐదో మెట్టు: ‘తర్వాతి రేవులో ఎక్కిస్తాం’ అన్న మాటను పరీక్షించండి

మా ద్వారా టికెట్ తీసుకుంటే విమానం ఆలస్యమైనా మిమ్మల్ని ఓడకు చేర్చే బాధ్యత మాదే అని సంస్థలు చెబుతాయి. ఆ మాట అబద్ధం కాదు. కానీ దాని అర్థం ఓడ మీ కోసం ఆగుతుందని కాదు. రేవులో ఓడ ఆగే గడువుకు, నౌకాయానానికి, వేలమంది ప్రయాణికుల తర్వాతి కార్యక్రమాలకు ముడి ఉంటుంది. ఒకే సంస్థ తీసిన విమానంలో చాలామంది ఇరుక్కుపోయినప్పుడు ఓడ కొద్దిసేపు ఆగిన సందర్భాలు ఉండవచ్చు గాని, దాన్ని నమ్ముకుని ప్రయాణం కట్టుకోకూడదు. ఆ హామీ అర్థం ఇది: మిమ్మల్ని వేరే విమానాల్లోకి మారుస్తారు, అప్పటికీ అందకపోతే తర్వాతి రేవుకు పంపుతారు.

ఆ తర్వాతి రేవులో మీరు ఎక్కగలరా అన్నదే అసలు ప్రశ్న. అమెరికాలో 1886 నాటి ప్రయాణికుల ఓడల చట్టం ఒకటి ఇప్పటికీ అమల్లో ఉంది. విదేశీ జెండా కింద నడిచే ఓడ, ప్రయాణికులను ఒక అమెరికా రేవులో ఎక్కించుకుని, దూరపు విదేశీ రేవుగా చట్టం గుర్తించిన చోట ఆగకుండా మరో అమెరికా రేవులో దించకూడదు. పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా, నెదర్లాండ్స్ వంటి దేశాల జెండాలతో నడుస్తాయి. హవాయి దీవుల మధ్య తిరిగే ప్రైడ్ ఆఫ్ అమెరికా మాత్రం అమెరికా జెండా ఉన్నది కాబట్టి ఆ దీవుల మధ్యనే తిరగగలుగుతోంది. కెనడా, మెక్సికో, కరేబియన్ దీవులలో చాలావరకు ఈ చట్టం దృష్టిలో దగ్గరి రేవులే, వాటిలో ఆగితే సరిపోదు.

దీన్ని అలాస్కాకు అన్వయించి చూడండి. మీరు సియాటెల్‌లో ఓడ అందుకోలేకపోయారు. తర్వాతి రేవు అలాస్కాలోని కెచికాన్. అక్కడ ఎక్కి చివరికి సియాటెల్‌లో దిగితే, రెండు వేర్వేరు అమెరికా రేవుల మధ్య విదేశీ ఓడలో ప్రయాణించినట్లవుతుంది. కాబట్టి మీరు విమానంలో కెచికాన్ చేరుకున్నా ఓడ ఎక్కనివ్వకపోవచ్చు. విదేశీ రేవైన విక్టోరియాలో ఎక్కవచ్చు, కానీ సియాటెల్ క్రూయిజ్‌లు చాలావరకు అక్కడ ఆగేది ఆఖరి సాయంత్రం. వాంకూవర్‌లో ఓడ తప్పిపోయి కెచికాన్‌లో ఎక్కి సెవార్డ్‌లో దిగాలనుకున్నా అదే అడ్డంకి. అందుకే అలాస్కా ప్రయాణంలో క్రూయిజ్ సంస్థ టికెట్ ఓడ బయలుదేరే వరకు మీకు సాయపడుతుంది గాని, ఓడ వెళ్లిపోయిన తర్వాత అది చేయగలిగింది చాలా తక్కువ. ముందు రోజు చేరడమే అక్కడ అసలైన రక్షణ.

కరేబియన్‌లో పరిస్థితి కొంత నయం. మయామిలో తప్పిన ఓడను మెక్సికోలోని కోజుమెల్‌లో పట్టుకోవచ్చు, అక్కడ విమానాశ్రయం ఉంది, చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా లేక గ్రీన్ కార్డు ఉన్న భారతీయులకు మెక్సికో వీసా అడగదు. కానీ మొదటి మజిలీ సంస్థ సొంత దీవి అయితే అక్కడికి మామూలు విమానాలే ఉండవు, ఆ తర్వాతి రేవు దాకా ఆగాలి. మధ్యధరాలో షెంగెన్ వీసా చేతిలో ఉంటే తర్వాతి రేవును అందుకోవడం అన్నిటికంటే సులువు. మీ ఓడ వెళ్లే రేవులను వరుసగా రాసుకుని, ఒక్కొక్కదాని పక్కన ‘ఇక్కడ ఎక్కవచ్చునా, ఇక్కడికి విమానం ఉందా, నా పాస్‌పోర్టుతో ఈ దేశంలోకి వెళ్లగలనా’ అని మూడు జవాబులు రాయండి. మూడింటికీ అవునని వచ్చే రేవు మొదటి రెండు మూడు రోజుల్లో లేకపోతే, ఆ హామీకి మీరు అదనంగా డబ్బు కట్టనక్కరలేదు.

హామీకి మరో విలువైన వైపు కూడా ఉంది. 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో వంతెన కూలి రేవు మూతపడినప్పుడు, అక్కడికి తిరిగి రావలసిన ఓడలు వర్జీనియాలోని నార్‌ఫోక్‌కు వెళ్లవలసి వచ్చింది, ప్రయాణికులను బస్సుల్లో బాల్టిమోర్ చేర్చారు. ఓడ దారి మార్చుకున్నప్పుడు సంస్థ తీసిన టికెట్లను సంస్థే సరిచేయాలి. సొంత టికెట్ అయితే ఆ పని మీదే, ఖర్చు తిరిగి ఇచ్చినా సాధారణంగా ఒక పరిమితి వరకే ఇస్తారు.

ఆరో మెట్టు: ఇప్పుడు ధరలు పోల్చండి

పోల్చేటప్పుడు ఒకే తేదీ, ఒకే విమానం, ఒకే తరగతి ఉండాలి. ఎయిర్‌లైన్ సైటులో కనిపించే అతి తక్కువ ధర తరచుగా బేసిక్ ఎకానమీ. అందులో సీటు ఎంచుకోవడానికి, టికెట్ మార్చుకోవడానికి ఆంక్షలుంటాయి. క్రూయిజ్ సంస్థ చూపే ధర మామూలు ఎకానమీది అయితే ఆ రెండిటినీ పోల్చి లాభం లేదు. రెండు వైపులా పెట్టెల రుసుము, సీటు రుసుము, రేవు దాకా బస్సు ఖర్చు కలిపి మొత్తం చూడండి.

ఒక ఊళ్లో ఎక్కి మరో ఊళ్లో దిగే క్రూయిజ్ అయితే జాగ్రత్తగా వెతకండి. డల్లాస్ నుంచి బార్సెలోనాకు ఒక టికెట్, రోమ్ నుంచి డల్లాస్‌కు ఒక టికెట్ అని విడివిడిగా వెతికితే ఖండాలు దాటే ఒంటివైపు టికెట్లు భయపెట్టే ధర చూపుతాయి, ఒక్కోసారి రానుపోను టికెట్ కంటే ఎక్కువగా కూడా. ఎయిర్‌లైన్ సైటులో మల్టీ-సిటీ అన్న వీలును ఎంచుకుని రెండు ప్రయాణాలను ఒకే టికెట్‌గా వెతకండి. ఆ ధరను క్రూయిజ్ సంస్థ ధరతో పోల్చండి. కుదుర్చుకున్న ధరలున్న సంస్థలు నిజంగా మేలు చేసేది ఇలాంటి ప్రయాణాల్లోనే. అదే డల్లాస్ నుంచి మయామికి రానుపోను టికెట్ అయితే తేడా చాలా తక్కువగా ఉంటుంది, ఉన్నా సొంతంగా కొన్నదాని వైపే మొగ్గు ఉంటుంది.

క్రెడిట్ కార్డు పాయింట్లు, ఎయిర్‌లైన్ మైళ్లు ఉన్నవారు వాటిని క్రూయిజ్ సంస్థ టికెట్‌కు వాడుకోలేరు. మైళ్లతో తీసుకున్న టికెట్లను చాలా అమెరికన్ ఎయిర్‌లైన్స్ రుసుము లేకుండా రద్దు చేయనిస్తాయి కాబట్టి, మైళ్లు తగినన్ని ఉంటే ఇంత పోలిక కూడా అక్కరలేదు, సొంత బుకింగే మేలు.

ఏడో మెట్టు: మీ ప్రయాణానికి సరిపడే దారి

అమెరికాలోనే ఒక నగరం నుంచి మరో నగరానికి వెళ్లి ఓడ ఎక్కేవారు, రోజుకు చాలా విమానాలున్న దారిలో, ముందు రోజు చేరేలా, ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా టికెట్ కొనుక్కోవడం మంచిది. మార్పులన్నీ మీ చేతిలో ఉంటాయి. ఐరోపాలో ఒక ఊళ్లో ఎక్కి ఇంకో ఊళ్లో దిగేవారు, వాంకూవర్‌లో ఎక్కి అలాస్కాలో దిగేవారు, ఏడాది ముందు బుక్ చేసుకుంటున్నవారు మార్చుకోగల క్రూయిజ్ సంస్థ టికెట్‌ను తప్పక పరిశీలించాలి.

అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి నేరుగా బార్సెలోనా వచ్చి, మీరు అమెరికా నుంచి వచ్చి అక్కడ కలుసుకుంటున్నారనుకోండి. ఈ సంస్థల విమాన పథకాలు ప్రధానంగా ఉత్తర అమెరికా నగరాల నుంచి వెళ్లేవారిని దృష్టిలో పెట్టుకుని నడుస్తాయి కాబట్టి, వాళ్ల టికెట్ మీరు విడిగానే తీయాలి. ఆ టికెట్ హైదరాబాద్ నుంచి బార్సెలోనా వరకు, మధ్యలో దోహాలోనో దుబాయ్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మారినా, ఒకే పీఎన్ఆర్ కింద ఉండాలి. చౌకగా వస్తోందని రెండు వేర్వేరు ఎయిర్‌లైన్స్ టికెట్లను ముక్కలుగా కొంటే, మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండో ఎయిర్‌లైన్‌కు మీతో సంబంధం ఉండదు. పెట్టెలు తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయడానికి ఆ దేశంలోకి ప్రవేశించవలసి వస్తే, వీసా లేని పెద్దవాళ్లు అక్కడే చిక్కుకుపోతారు. ఈ ఒక్క విషయంలో డబ్బు ఆదా చేయవద్దని గట్టిగా చెబుతాను.

హైదరాబాద్ నుంచో విశాఖపట్నం నుంచో నేరు విమానంలో సింగపూర్ వెళ్లి అక్కడ ఓడ ఎక్కేవారు రాత్రి విమానంలో వెళ్లి అదే రోజు ఓడ ఎక్కేయవచ్చని అనుకుంటారు. రోజుకు ఒకటి రెండు విమానాలే ఉన్న దారిలో ఒకటి రద్దయితే తర్వాతిది మరునాడే. భారతదేశంలో ట్రావెల్ ఏజెంట్ దగ్గర క్రూయిజ్‌నూ విమానాన్నీ కలిపి తీసుకుంటే అది విదేశీ టూర్ ప్యాకేజీ అవుతుంది, దానిపై టీసీఎస్ (అమ్మేవారు ముందుగానే తీసుకుని ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. అంతర్జాతీయ విమాన టికెట్ ఒక్కటే విడిగా కొంటే అది ప్యాకేజీ కిందకు రాదు. కట్టిన టీసీఎస్ ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది గాని, అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు.

ఎనిమిదో మెట్టు: టికెట్ తీసుకున్న తర్వాత

క్రూయిజ్ సంస్థ ద్వారా తీసుకుంటే, సంస్థ ఇచ్చే బుకింగ్ నంబరుతో పాటు ఎయిర్‌లైన్ ఆరక్షరాల పీఎన్ఆర్ అడిగి తీసుకోండి. దానితో ఎయిర్‌లైన్ సైటులోకి వెళ్లి సీట్లు చూసుకోండి, అమ్మానాన్నలకు వీల్‌చెయిర్, శాకాహార భోజనం నమోదు చేయండి. క్రూయిజ్ సంస్థకు చెప్పాం కదా అని ఊరుకోకండి, ఆ కోరికలు ఎయిర్‌లైన్ రికార్డులో కనిపిస్తేనే లెక్క. టికెట్ నంబరు జారీ అయిందో లేదో ఫైనల్ పేమెంట్ తర్వాత ఒకసారి సరిచూడండి. పీఎన్ఆర్ ఉన్నంత మాత్రాన టికెట్ జారీ అయినట్లు కాదు.

ఎయిర్‌లైన్స్ వేళలు మారుస్తూ ఉంటాయి. నెలకోసారి మీ విమానాల వేళలు, మధ్యలో మారే విమానానికి ఉన్న వ్యవధి చూడండి. మార్పు వస్తే, సొంత టికెట్ అయితే ఎయిర్‌లైన్‌కు, సంస్థ టికెట్ అయితే సంస్థకు ఫోన్ చేయాలి. సంస్థ టికెట్ పట్టుకుని ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేస్తే, ప్రయాణం మొదలుకాకముందు చాలాసార్లు మళ్లీ సంస్థ దగ్గరికే పంపుతారు. అమెరికా రవాణా శాఖ 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం, దేశీయ విమానం 3 గంటలు, అంతర్జాతీయ విమానం 6 గంటలు అంతకు మించి మారినా, విమానం రద్దయినా, మీరు ప్రత్యామ్నాయాన్ని ఒప్పుకోకపోతే డబ్బు వెనక్కి ఇవ్వాలి. మధ్యవర్తి ద్వారా కొన్నప్పుడు ఎవరు ఇవ్వాలన్నది మీ కార్డు బిల్లులో ఎవరి పేరు ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి ఆ బిల్లు దాచుకోండి.

ప్రయాణ బీమా రెండు దారుల్లోనూ కావాలి. సొంత టికెట్ ఉన్నవారు బీమా పత్రంలో ‘ఓడ తప్పిపోతే’, ‘ప్రయాణం ఆలస్యమైతే’ అన్న అంశాల కింద ఎన్ని గంటల ఆలస్యానికి, ఎంత మొత్తం వరకు ఇస్తారో చదవాలి. క్రూయిజ్ సంస్థ అమ్మే బీమా, మీరు విడిగా కొన్న విమాన టికెట్‌ను కాపాడుతుందో లేదో ప్రత్యేకంగా అడిగి తెలుసుకోండి.

తిరుగు ప్రయాణం

ఓడ ఉదయం 6 లేక 7 గంటలకు రేవు చేరినా, పెట్టెలు దింపి, ఇమిగ్రేషన్ ముగించుకుని బయటపడేసరికి 9, 10 అవుతుంది. ఫోర్ట్ లాడర్‌డేల్, మయామి, సియాటెల్ వంటి చోట్ల మధ్యాహ్నం 12 దాటిన తర్వాతి విమానం తీసుకోండి. గాల్వెస్టన్, పోర్ట్ కెనావరల్, చివిటావెక్కియా అయితే మధ్యాహ్నం 1 లేక 2 తర్వాత. సెవార్డ్, విటియర్‌లో దిగేవారికి యాంకరేజ్ నుంచి రాత్రి బయలుదేరే విమానాలు చాలా ఉంటాయి, వాటిలో ఒకటి తీసుకుంటే తొందర ఉండదు. లేదా ఆ రాత్రి అక్కడే ఉండండి. అమ్మానాన్నలు అమెరికా నుంచి హైదరాబాద్ తిరిగి వెళ్లే అంతర్జాతీయ విమానాన్ని మాత్రం ఓడ దిగే రోజున పెట్టకండి, ఇంటికి చేరి రెండు మూడు రోజులైనా గడిచిన తర్వాతి తేదీకి తీసుకోండి.

బయలుదేరే రోజు మీ చేతిసంచిలో పాస్‌పోర్టులు, మందులు, ఓడ బోర్డింగ్ పాసు ఉండాలి. వాటితోపాటు క్రూయిజ్ సంస్థ విమాన విభాగపు అత్యవసర ఫోన్ నంబరు, ప్రతి రేవులో ఓడ తరఫున పనులు చూసే ఏజెంటు నంబరు కాగితం మీద రాసుకుని పెట్టుకోండి. విమానం గంట ఆలస్యమని తెలిసిన నిమిషంలోనే, గేటు దగ్గర వరుసలో నిలబడి ఉండగానే, ఆ నంబరుకు ఫోన్ చేయండి. టికెట్ సొంతంగా కొన్నదైనా సరే, మీరు ఆలస్యంగా వస్తున్న సంగతి ఓడకు ముందే చేరుతుంది.